ఒక్క సమావేశం నూజివీడులో పెట్టండి
ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి,



ప్రతి జిల్లాలోనూ ఒక వినియోగదారుల రక్షణ మండలి ఉండాలనీ, దానికి కలెక్టరే అధ్యక్షులుగా ఉండాలనీ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది. మండలి ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలి. ఆ సమావేశం ఎప్పుడు పెట్టాలి, జిల్లాలో ఏ ఊళ్లో పెట్టాలి అన్నది అధ్యక్షుల నిర్ణయానికే వదిలేశారు. ఆ చివరి మాటను పట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ రెండింటిలో ఒక సమావేశాన్ని నూజివీడులో పెట్టండి. మామిడి కోతలు మొదలయ్యే ముందు పెట్టండి. గదిలో కాకుండా కాయ అమ్మే చోట పెట్టండి.

మాది ఆగిరిపల్లి వైపు మామిడి తోట ఉన్న కుటుంబం. కాయ అమ్ముతాం. పురుగుమందులు, అంటు మొక్కలు, మోటార్లు, ఇంట్లోకి పప్పూ ఉప్పూ కొంటాం. పొద్దున అమ్మకందారులం, సాయంత్రానికి కొనుగోలుదారులం. ఈ ప్రాంతంలో ఎవరిని కదిపినా ఇంతే. మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసే ఆయన కూడా ఇంటికి వెళ్లేటప్పుడు పిల్లల మందులకు మెడికల్ షాపు ముందు నిలబడేవాడే. వినియోగదారుల హక్కుల గురించి ఎవరు మాట్లాడినా కొనేవాళ్లు ఒక పక్షం, అమ్మేవాళ్లు ఇంకో పక్షం అన్నట్టు మాట్లాడతారు. మా దగ్గర ఆ గీత గీయడం కష్టం. అందుకే ఈ సంగతులు ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టి చెప్పాలని అడుగుతున్నాను.

జాతీయ వినియోగదారుల దినోత్సవం డిసెంబరు 24న వస్తుంది. మన దేశంలో తొలి వినియోగదారుల చట్టానికి 1986లో రాష్ట్రపతి ఆమోదం దొరికిన రోజు అది. ఆ రోజున ఎక్కడికక్కడ సభలు జరుగుతాయి, పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడతారు, ‘మేలుకో వినియోగదారుడా మేలుకో’ అని బ్యానర్లు కడతారు. అవి వద్దని అనను. కానీ ఆ నాటికి మా తోటల్లో కాయ ఉండదు. పూత వస్తుందా రాదా, మంచు ఎక్కువగా ఉందా, తామర పురుగు పడుతుందా అన్న దిగులే ఉంటుంది. మార్చి 15న ప్రపంచ వినియోగదారుల హక్కుల దినం వచ్చేసరికి పిందెలు కాయలవుతుంటాయి. మోసం జరగడానికైనా, జరగకుండా ఆపడానికైనా అసలు రోజులు ఏప్రిల్, మే నెలలు. జూన్ దాటితే అంతా అయిపోయినట్టే. తూకంలో పోయింది పోయినట్టే, తిన్న పండు తిన్నట్టే. అవగాహన సభ కూడా కోతల కాలాన్ని లెక్కలోకి తీసుకుని, దానికి ముందు జరిగితేనే ఎవరికైనా పనికొస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2019 నాటి చట్టం వినియోగదారుడికి ఆరు హక్కులు ఇచ్చింది. ప్రమాదకరమైన సరుకు నుంచి రక్షణ, నాణ్యత, పరిమాణం, ధర వంటి సంగతులు తెలుసుకోవడం, పోటీ ధరలకు రకరకాల సరుకులు అందుబాటులో ఉండడం, తన మాట వినిపించుకోవడం, నష్టానికి పరిష్కారం పొందడం. ఆరోది వినియోగదారుల చైతన్యం. అంటే తన హక్కులేమిటో తెలుసుకోవడం కూడా చట్టం ఇచ్చిన హక్కే. అవగాహన కల్పించడం ఏ శాఖ దయా కాదు. మాకు రావలసినది మేం అడుగుతున్నాం.

మొదట కాటా సంగతి చెబుతాను. అన్నిటికన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టేది అదే.

తోటలో చిక్కంతో కోసి, జీడి కారనిచ్చి, క్రేట్లలోకి సర్ది మార్కెట్‌కు పంపిన కాయ అక్కడ కాటా ఎక్కుతుంది. టన్నుకు ఇన్ని కిలోలని తరుగు తీసేస్తారు. కొన్నిచోట్ల దాన్నే సూట్ అంటారు. ఎందుకు తీస్తున్నారని అడిగితే దారిలో కాయ నలుగుతుందని ఒకరంటారు, మచ్చకాయ కలిసి ఉంటుందని ఇంకొకరంటారు, ఎండకు తూకం తగ్గుతుందని మరొకరంటారు. గట్టిగా నిలదీస్తే అందరూ చెప్పే జవాబు ఒకటే: ఇక్కడి ఆనవాయితీ ఇదండీ అని. ఆ మాటతో రైతు నోరు మూతపడుతుంది. ఆనవాయితీ అంటే ఊరు ఒప్పుకున్న న్యాయం అని మనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం కదా!

2009లో చేసిన లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లో ఉంది. మన తూనికలు కొలతల శాఖ నడిచేది ఆ చట్టం మీదే. అందులో 12వ సెక్షన్ చాలా చిన్నది. ఒప్పుకున్న తూకం, కొలత, లెక్క కంటే ఎక్కువ గానీ తక్కువ గానీ సరుకు అడగడానికో పుచ్చుకోవడానికో వీలిచ్చే ఆచారం, వాడుక, పద్ధతి ఏదైనా సరే చెల్లదని దాని సారాంశం. సరిగ్గా ఆనవాయితీ అనే సాకును కొట్టిపారేయడానికే ఆ సెక్షన్ రాసినట్టు ఉంటుంది. కాయ బాగా లేకపోతే ధర తగ్గించమనండి, దాన్ని బేరం అంటారు, రైతుకు ఇష్టమైతే ఇస్తాడు, లేకపోతే లేదు. తూకం తగ్గించడం బేరంలోకి రాదు. ఈ తేడా రైతుకూ తెలియదు, కాటా దగ్గర నిలబడే గుమాస్తాకూ తెలియదు. తెలిసిన వ్యాపారులు ఉన్నారేమో గానీ, పక్క కొట్టువాడు తీస్తుంటే నేనొక్కణ్ణే తీయకపోతే నష్టపోతాను కదా అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అందరికీ ఒకే రోజు, ఒకే చోట, మీలాంటివారి నోటి మీదుగా చెప్పాలనడానికి కారణం కూడా అదే.

ఈ తరుగు రైతు దగ్గరే ఆగదు. అదే కాయ పండై పెట్టెలోకి ఎక్కేసరికి కొనేవాళ్ల వంతు వస్తుంది. ఐదు కిలోల పెట్టె అని డబ్బు తీసుకుంటారు. ఆ ఐదు కిలోల్లో అట్టపెట్టె ఉంటుంది, కింద పరిచిన గడ్డి ఉంటుంది, పైన కుక్కిన కాగితం ముక్కలుంటాయి. చట్టం దృష్టిలో లెక్కకు వచ్చేది నికర బరువు, అంటే పెట్టె, చుట్టిన కాగితం తీసేశాక మిగిలే పండు బరువు. పండగకి హైదరాబాద్‌లో ఉన్న కూతురికి పార్సిల్ పంపించిన తల్లికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? అలాగే కరెంటు కాటా మీద ఖాళీ బుట్ట పెట్టి అంకె సున్నాకు వచ్చిందో లేదో చూసుకోవాలని, ఆ కాటాకు ఏడాదికొకసారి తూనికల శాఖ ముద్ర పడాలని, పాత త్రాసుకూ రాళ్లకూ రెండేళ్లకొకసారి పడాలని, ఆ ధ్రువపత్రం కొట్లో కనబడేలా పెట్టాలని కొనేవాళ్లలో ఎందరికి తెలుసు? అమ్మేవాళ్లలోనూ తోపుడు బండి మీద పది పెట్టెలు పెట్టుకుని బతికే మనిషికి ఆ ముద్ర ఎక్కడ వేయించుకోవాలో, ఎంత కట్టాలో తెలియదు. అధికారి వచ్చి కాటా పట్టుకుపోయిన రోజున గానీ తెలిసిరాదు. అలాంటివాళ్లను పట్టుకునే ముందు ఒక్కసారి పిలిచి చెప్పండి. కోతల ముందు ఒక వారం పాటు తూనికల శాఖ సిబ్బందిని నూజివీడులోనూ, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయిలోనూ కూర్చోబెడితే ముద్ర వేయించుకోవడానికి వాళ్లే వరుస కడతారు.

ఇక పండబెట్టడం.

మామిడికాయ కోసిన తరవాత కూడా పండుతుంది. పండేటప్పుడు దానిలోంచే ఇథిలీన్ అనే వాయువు పుడుతుంది, అదే కాయను పండుగా మారుస్తుంది. మా ఇళ్లలో వరిగడ్డి పరిచి రసాలను మగ్గబెట్టేది అందుకే. ఆ వాయువు బయటికి పోకుండా గడ్డి ఆపుతుంది. కాల్షియం కార్బైడ్ గ్యాస్ వెల్డింగ్‌కు వాడే సరుకు. తడి తగిలితే దాంట్లోంచి వచ్చేది ఎసిటిలీన్. అదీ కాయ రంగు మారుస్తుంది, కానీ ఆ రాయిలో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్లుంటాయి. అందుకే ఎసిటిలీన్‌తో పండ్లు మగ్గబెట్టడాన్ని మన దేశంలో ఎప్పుడో నిషేధించారు. 2011 నాటి ఆహార భద్రత నిబంధనల్లోనూ ఆ నిషేధం ఉంది. 2015లో హైదరాబాద్‌లో ఉన్న మన ఉమ్మడి హైకోర్టు ఈ సంగతిని తనంతట తానే విచారణకు తీసుకుని రెండు ప్రభుత్వాలనూ నిలదీసింది. ఆ మరుసటి ఏడాది, 2016లో, ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టడానికి ఒక హద్దు పెట్టి అనుమతి ఇచ్చింది. గదిలోని గాలి పది లక్షల పాళ్లు అనుకుంటే అందులో ఇథిలీన్ వంద పాళ్లు మించకూడదు. ఆ వాయువును పుట్టించే పొడి గానీ, పొట్లం లోపలి మందు గానీ పండుకు తగలకూడదు. ఇథిఫాన్ అనే రసాయన ద్రావణంలో పండ్లను ముంచి తీయడం కూడా తప్పే.

ఇక్కడే మన అవగాహన ప్రచారం దారి తప్పిందని నేను అనుకుంటాను. పండు ఒకే రంగులో మెరుస్తుంటే అది కార్బైడ్ పండే అని పత్రికల్లో, ఫోన్లలో తిరిగే సందేశాల్లో చెబుతూ వచ్చారు. అది తప్పు. అనుమతి ఉన్న గదిలో, హద్దుల్లో ఇథిలీన్ పెట్టి, చల్లదనం, తేమ సరిచూసుకుని నాలుగైదు రోజుల్లో పండించిన బంగినపల్లి కూడా అన్ని వైపులా ఒకేలా పసుపెక్కుతుంది. లక్షలు పెట్టి ఆ గది కట్టుకున్న వ్యాపారి పండును చూసి కొనేవాళ్లు మొహం తిప్పుకుంటున్నారు. నిజంగా కార్బైడ్ వేసినవాడు ఒక పెట్టెలో నాలుగు పచ్చికాయలు కలిపి, ఇది గడ్డిలో మగ్గినదండీ అని అమ్ముకుంటున్నాడు. కంటితో చూసి కార్బైడ్‌ను తేల్చలేం. రుచి పులుపుగా, లోపల కండ గట్టిగా, వాసన లేకుండా ఉంటే అనుమానించవచ్చు గానీ నిరూపించలేం. నిరూపించేది పరీక్ష.

ఆ పరీక్ష చేయించుకునే హక్కు మామూలు మనిషికి కూడా ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 40వ సెక్షన్ చూడండి. పండు కొనేటప్పుడే, దీన్ని పరీక్షకు పంపిస్తానండీ అని కొట్టువాడికి చెప్పి, రుసుము కట్టి, ఆహార విశ్లేషకుడి దగ్గరికి ఎవరైనా పంపవచ్చు. సరుకు చట్టానికి విరుద్ధంగా ఉందని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. ఇంత మంచి ఏర్పాటును వాడుకున్న మనిషి మా చుట్టుపక్కల నాకు ఒక్కరూ కనబడలేదు. నమూనా ఎక్కడ ఇవ్వాలి, ఎంత పండు ఇవ్వాలి, ఎంత కట్టాలి, ఎన్నాళ్లకు జవాబు వస్తుంది అన్న నాలుగు సంగతులు రాసిన బోర్డు నూజివీడులో ఎక్కడా లేదు కాబట్టి. ఆహార భద్రత శాఖకు ఊరూరా తిరిగి పరీక్షలు చేసే వాహనాలు ఉన్నాయి. సీజన్‌లో అలాంటిది ఒకటి కోతల ఊళ్లలో తిప్పించండి. నున్న మార్కెట్ రోడ్డు పక్కన, హనుమాన్ జంక్షన్ దగ్గర జాతీయ రహదారి మీద నిలబెట్టినా చాలు, దాన్ని చూసే సగం మంది కార్బైడ్ పొట్లం పక్కన పారేస్తారు.

అసలు తప్పు కార్బైడ్‌తో మొదలవదని కూడా చెప్పాలి. లేత కాయ కోయడంతో మొదలవుతుంది. మార్చి ఆఖరులో మార్కెట్‌కు మొదట చేరిన కాయకు ధర బాగా పలుకుతుంది. అప్పులున్న రైతు, పూత మీదే తోట కొనుక్కుని గుత్త డబ్బు కట్టేసిన వ్యాపారి ఇద్దరూ ఆ ధర కోసం ఆత్రపడతారు. టెంక గట్టిపడని కాయ గడ్డిలో వేస్తే ముడతలు పడుతుంది గానీ పండదు. దానికి రంగు తెప్పించాలంటే కార్బైడ్ కావాల్సి వస్తుంది. తొడిమ దగ్గర భుజాలు లేచిన కాయ, నీళ్లలో వేస్తే మునిగే కాయ కోయమని నూజివీడులోనే ఉన్న మామిడి పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు చెబితే రైతులు వింటారు. వాళ్లను మీ సమావేశానికి తప్పకుండా పిలవండి. ఉగాది నాటికే బంగినపల్లి పండు కావాలని పట్టుబట్టే పట్నం కొనుగోలుదారు కూడా ఆ మాట వినాలి. కొనేవాళ్లకు హక్కులతో పాటు ఓపిక కూడా ఉండాలి.

పేర్ల గురించి ఒక్క మాట. నూజివీడు రసాలు అంటే హైదరాబాద్, బెంగళూరుల్లో ఒక గౌరవం ఉంది. ఆ గౌరవాన్ని అడ్డం పెట్టుకుని ఎక్కడి కాయనైనా నూజివీడు చిన్నరసం అని అమ్మేస్తున్నారు. సరుకు రకం గురించి, నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దానికో రక్షణ ఉంది. మా రసాల పేరు కాపాడుకునే బాధ్యత ప్రస్తుతానికి అమ్మే మా మీదే ఉంది. ఇప్పుడు మా పిల్లలే ఫోన్లలో ఫొటోలు పెట్టి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఆర్టీసీ కార్గోలో పెట్టెలు పంపుతున్నారు. మంచి పని. కానీ అదే పనిగా వ్యాపారంలా చేస్తున్నప్పుడు అమ్మేవారి పేరు, చిరునామా, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ముందే తెలిపి ఉండాలని, పెట్టె చితికిపోయి చేరితే కొన్నవాడి ఫోన్ ఎత్తి జవాబు చెప్పాలని వాళ్లకు ఎవరూ నేర్పలేదు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఆన్‌లైన్ అంగళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలనీ, నెల లోపు పరిష్కరించాలనీ అంటున్నాయి. ఆ గడువు పెద్ద కంపెనీలను ఉద్దేశించి పెట్టిందే అయినా, తోట నుంచి పండు పంపే కుర్రవాడు దాన్ని తన నియమంగా పెట్టుకుంటే ఏటా కొనేవాళ్లు అతని దగ్గరికే వస్తారు.

ఇప్పుడు రైతు కొనుగోలుదారుగా నిలబడే చోటికి వస్తాను. పూత మీద తేనెమంచు పురుగు కనబడగానే రైతు మందుల కొట్టుకి పరిగెడతాడు. కొట్టాయన ఇచ్చిన డబ్బాలు అరువు మీద తెచ్చుకుంటాడు. చేతికి వచ్చేది ఒక తెల్లచీటీ, దాని మీద అంకెలు. మా ఇంట్లోనూ అలాంటి తెల్లచీటీలు మేకుకు గుచ్చి ఉండేవి. కొట్టు పేరుండదు, మందు పేరు సగం రాసి ఉంటుంది, బ్యాచ్ నంబరు అసలే ఉండదు. మందు పనిచేయక పూత రాలిపోతే ఆ చీటీ పట్టుకుని ఎక్కడికి వెళ్లగలడు? పురుగుమందుల అమ్మకానికి బిల్లు తప్పనిసరి అని ఆ మందుల నిబంధనలే చెబుతున్నాయి. ఏ సరుకుకైనా బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు ఏదీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనని మొండికేయడాన్ని కూడా చేర్చింది. అయినా నూజివీడు బజారులో నడిస్తే ‘ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకొనబడదు’ అన్న అక్షరాలు గోడల మీద ఇంకా కనబడుతూనే ఉంటాయి. ఆ గోడల మీద రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. తాతల నాటి నుంచీ కొట్లలో ఉన్న వాక్యమే రంగుతో మళ్లీ రాయించుకున్నారు. అది చెల్లదని మీరు చెబితే చెరిపేస్తారు.

రైతు వినియోగదారుడేనా అని అనుమానించేవాళ్లు ఇంకా ఉన్నారు. వ్యవసాయం వ్యాపారం కదా అని కంపెనీల లాయర్లు వాదించేవారు. ఆ వాదనను 2012 జనవరిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులదే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ దగ్గర విత్తనాలు కొని, పంట సరిగా రాక నష్టపోయిన రైతులు తమ తమ జిల్లాల్లో వినియోగదారుల ఫోరాలకు వెళ్లి గెలిచారు. కార్పొరేషన్ ఢిల్లీ దాకా వెళ్లింది. విత్తనాన్ని ముందే ప్రయోగశాలలో పరీక్ష చేయించలేదు కదా అన్నది దాని వాదనల్లో ఒకటి. విత్తనమంతా పొలంలో చల్లేసిన రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచుకుంటాడని ఎలా ఆశిస్తారని కోర్టు అడిగింది. రైతు వినియోగదారుడేనని తేల్చి చెప్పింది. మామిడి రైతుకు ఆ తీర్పు మరీ ముఖ్యం. అంటు మొక్క కొన్నవాడు అది చిన్నరసమో కాదో నాలుగైదేళ్లకు కాయ కాసేదాకా తెలుసుకోలేడు. ఫిర్యాదుకు చట్టం పెట్టిన గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లు మొక్క కొన్న నాటి నుంచి లెక్కకడతారా, మోసం బయటపడిన నాటి నుంచా అన్న తగువు వచ్చి తీరుతుంది. అలాంటప్పుడు రైతును నిలబెట్టేది మొక్క రకం పేరు స్పష్టంగా రాసిన బిల్లే. నర్సరీ నుంచి వచ్చే ప్రతి రైతు చేతిలో ఆ బిల్లు ఉండాలి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కూడా అందరూ భయపడేంత పెద్ద సంగతి కాదు. సరుకుకు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. కంపెనీ ఎక్కడున్నా, ఫిర్యాదుదారు తాను నివసించే చోటే వేయవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. ఒకే రకం మోసానికి గురైన పది మంది కలిసి కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయవచ్చు. అంతకుముందే రాజీ కుదురుతుందేమో చూడాలంటే 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నూజివీడులో ట్రిపుల్ ఐటీ ఉంది, ధర్మ అప్పారావు కాలేజీ ఉంది. ఆ పిల్లల్లో కొందరు సీజన్‌లో వారానికొక రోజు మార్కెట్ దగ్గర కూర్చుని రైతుల ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే, పుస్తకంలో చదివేదాని కన్నా ఎక్కువ నేర్చుకుంటారని నాకు గట్టి నమ్మకం.

ఇన్ని ఉన్నా జనం ఫిర్యాదు చేయరు. కారణం తెలియకపోవడం ఒక్కటే అయితే ఈ ఉత్తరం ఇంకా చిన్నదయ్యేది. మా దగ్గర కాయ కొనే కమీషన్‌దారుడే పూతకు ముందు పెట్టుబడి ఇస్తాడు. మందుల కొట్టాయన అరువు ఇస్తాడు. ఆడపిల్ల పెళ్లి వస్తే వాళ్ల దగ్గరికే వెళ్తాం. తరుగు తీశాడని ఒక మాట అంటే వచ్చే ఏడు కాయ ఎవరు కొంటారు, అప్పు ఎవరిస్తారు? వాళ్లను శత్రువులుగా చూడమని ఏ రైతుకూ నేను చెప్పలేను. అధికారులు వచ్చి నలుగురిని పట్టుకెళ్లినంత మాత్రాన ఇది పోదు. వ్యాపారి తనంతట తానుగా, తరుగు తీయను, బిల్లు ఇస్తాను అని నలుగురిలో చెప్పుకునే పరిస్థితి రావాలి. అలా చెప్పిన వ్యాపారి దగ్గరికే ఎక్కువ మంది రైతులు, కొనుగోలుదారులు రావాలి. అప్పుడే మిగతావాళ్లు కూడా మారతారు. మార్కెట్ చట్టం కింద లైసెన్సు పుచ్చుకున్న కమీషన్‌దారులందరినీ, మగ్గబెట్టే గదులున్నవారినీ, తోపుడు బండ్ల వాళ్లనూ, మందుల కొట్ల యజమానులనూ, నర్సరీలవాళ్లనూ పేరుపేరునా ఆహ్వానించండి. దోషుల్లా పిలవకండి, మండలిలో మాట్లాడే సాటివారిగా పిలవండి.

మీ చేతిలో ఉన్నది సలహా ఒక్కటే కాదు. 2019 నాటి వినియోగదారుల చట్టం 16వ సెక్షన్ కింద, మొత్తం వినియోగదారులకు నష్టం కలిగించే పద్ధతి మీద ఫిర్యాదు వస్తే విచారించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం కలెక్టర్‌కు ఉంది. 17వ సెక్షన్ ప్రకారం అలాంటి ఫిర్యాదును ఎవరైనా నేరుగా మీకే రాసి ఇవ్వవచ్చు. ఈ సంగతి చెప్పే బోర్డు ఒకటి నూజివీడు సబ్‌కలెక్టర్ కార్యాలయం ముందు పెట్టించండి. సోమవారం అర్జీలు తీసుకునే చోట వినియోగదారుల ఫిర్యాదులకు ప్రత్యేకంగా ఒక రిజిస్టరు ఉంచండి.

ఒక చిక్కు మీకు ముందే చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు వైపు తోటలు, నున్న మార్కెట్ ఎన్టీఆర్ జిల్లాలో ఉండిపోయాయి. ముసునూరులో కోసిన కాయ తెల్లారేసరికి నున్నలో కాటా ఎక్కుతుంది. తరుగు తీసేది అక్కడ, నష్టపోయేది ఇక్కడి రైతు. మీరొక్కరే ఇక్కడ బోర్డులు పెడితే సరిపోదు. ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి రాసి, వాళ్ల తూనికల అధికారులనూ, ఆహార భద్రత అధికారులనూ కూడా ఆ సమావేశానికి రప్పించండి. కుదిరితే రెండు మండళ్లూ కలిసి కూర్చునేలా చూడండి.

సమావేశం ఫిబ్రవరి ఆఖరుకో మార్చి మొదట్లోనో పెడితే బాగుంటుంది. అప్పటికి తోటల గుత్త బేరాలు నడుస్తుంటాయి, కోతలకు మనుషులు ఇంకా కట్టుబడిపోరు, అందరూ రాగలరు. పొద్దున పూట పెట్టండి, మధ్యాహ్నం దాటితే తోటలకు నీళ్లు పెట్టే పని ఉంటుంది. చట్టం మాటలు ఇంగ్లీషులో చదివి వినిపించకుండా తెలుగులో, ఒక కాటా, ఒక పెట్టె, ఒక బిల్లు పుస్తకం ముందు పెట్టి చూపించమని మీ అధికారులకు చెప్పండి. తేదీ ముందుగా ప్రకటిస్తే ఆగిరిపల్లి, ముసునూరు ఊళ్లకు కబురు చేరవేసే పని నేనూ, నాలాంటి మరికొందరు ఆడవాళ్లూ చూసుకుంటాం.

ఇట్లు,
ఆగిరిపల్లి మండలం నుంచి
ఒక మామిడి రైతు కుటుంబపు స్త్రీ